టర్న్, స్పిన్, రొటేట్, రివాల్వ్: అన్నిటికీ 'తిరుగు' అనే అర్థమైతే ఏది ఎక్కడ వాడాలి?

టర్న్, స్పిన్, రొటేట్, రివాల్వ్, రోల్, ట్విస్ట్, ఏ మాట వెతికినా నిఘంటువులో 'తిరుగు' అనే కనిపిస్తోంది, తేడా ఎలా పట్టుకోవాలి అన్నది మీ ప్రశ్న. నిఘంటువు తప్పేమీ కాదు. మన భాషలో ఫ్యాన్ తిరుగుతుంది, భూమి తిరుగుతుంది, తల తిరుగుతుంది, పని లేనివాడు ఊరంతా తిరుగుతాడు, ఊరెళ్ళినవాడు తిరిగి వస్తాడు. ఒక్క క్రియ ఇంత బరువు మోస్తోంది కాబట్టి తెలుగు మాట నుంచి బయల్దేరి ఇంగ్లీషు మాట వెతికితే దారి తప్పుతాం. కదలికను కళ్ళ ముందు నిలబెట్టుకుని అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ముందు చూడాల్సింది ఇరుసు ఎక్కడుందని. తిరిగే వస్తువు లోపల ఉందా, దానికి బయట ఉందా, లేక వస్తువుతోపాటు ముందుకు సాగుతోందా? ఆ తర్వాత ఎంత తిరిగింది, పావు చుట్టా, పూర్తి చుట్టా, ఆగకుండా చుట్టు మీద చుట్టా? ఎంత వేగంగా? తిరిగాక దాని ఆకారం అలాగే ఉందా, మెలిపడిందా? ఇవి చూసుకుంటే నూటికి తొంభై చోట్ల మాట దానంతట అదే తడుతుంది. మిగతా చోట్ల వాడుక రాజ్యం చేస్తుంది, వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఎక్కువమంది తడబడేది రొటేట్, రివాల్వ్ దగ్గర కాబట్టి అవి ముందు. ఇరుసు వస్తువు లోపలే ఉంటే రొటేట్, బయట ఉంటే రివాల్వ్. మన సైన్సు పుస్తకాల్లో భ్రమణం, పరిభ్రమణం అని చదువుకున్నది ఇదే. భూమి తన అక్షం మీద రొటేట్ అవుతుంది కాబట్టి పగలూ రాత్రీ, సూర్యుడి చుట్టూ రివాల్వ్ అవుతుంది కాబట్టి ఏడాది. చంద్రుడికి ఈ రెండూ సరిగ్గా ఒకే వ్యవధిలో, దాదాపు 27.3 రోజుల్లో పూర్తవుతాయి. అందుకే మనకెప్పుడూ ఆయన ఒక మొహమే కనిపిస్తుంది.

ఇంతకంటే తేలిగ్గా అర్థం కావాలంటే ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ చూడండి. పెద్ద చక్రం రొటేట్ అవుతుంది. మీరు కూర్చున్న తొట్టి ఇరుసు చుట్టూ రివాల్వ్ అవుతుంది, కానీ రొటేట్ కాదు. పైన కీలుకు వేలాడుతుంది కాబట్టి ఎప్పుడూ నిటారుగానే ఉంటుంది. అది కూడా రొటేట్ అయితే పైకెళ్ళేసరికి మీరు తలకిందులవుతారు. జెయింట్ వీల్ అన్నది మన దేశంలో వాడే మాట. అమెరికాలో ఉన్నవాళ్ళు ఫెర్రిస్ వీల్ అనాలి. 1893లో షికాగో ప్రదర్శనకు దాన్ని కట్టిన ఇంజనీరు జార్జ్ ఫెర్రిస్ పేరది. గానుగ చూసినవాళ్ళకు ఇంకో బొమ్మ: రోకలి గానుగలో రొటేట్ అవుతుంది, ఎద్దు దాని చుట్టూ నడుస్తుంది. ఎద్దు రివాల్వ్ అవుతోందని మాత్రం అనరు. కాళ్ళున్న ప్రాణికి రివాల్వ్ నప్పదు. గుడి చుట్టూ ప్రదక్షిణ చేశామని చెప్పడానికి 'వీ రివాల్వ్డ్ అరౌండ్ ద టెంపుల్' అంటే వినేవాళ్ళకు మీరు గ్రహాల్లా గాల్లో తేలినట్టు ఉంటుంది. 'వాక్డ్ అరౌండ్' చాలు. గద్ద ఆకాశంలో చుట్లు కొడితే సర్కిల్, ఉపగ్రహం భూమి చుట్టూ తిరిగితే ఆర్బిట్.

ఈ నియమానికి ఎదురు నిలిచే మాటలు కొన్ని ఉన్నాయి. మోటారు తన ఇరుసు మీదే తిరుగుతుంది, నియమం ప్రకారం రొటేట్, అయినా వేగం చెప్పేటప్పుడు ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఇన్ని చుట్లు అంటాం. అందులోని ఆర్ రివల్యూషన్స్‌కు గుర్తు. చుట్లు లెక్కపెట్టేటప్పుడు రివల్యూషన్ అన్న మాట ఇంజనీర్లలో పాతుకుపోయింది. రివాల్వింగ్ డోర్ కూడా తన నడిమి స్తంభం మీదే తిరుగుతుంది. 1888లో ఫిలడెల్ఫియాలో థియోఫిలస్ వాన్ కానెల్ దానికి పేటెంటు పొందాడు. నియమం ఏదైనా లోకానికి అది రివాల్వింగ్ డోరే. మన ఆఫీసుల్లో రివాల్వింగ్ చైర్ అనే కుర్చీని విదేశాల్లో స్వివెల్ చైర్ అంటారు. కింది భాగం కదలకుండా పైభాగం ఏ వైపుకైనా తిరిగితే స్వివెల్.

ఇదే సందర్భంలో ఒక సంగతి. ఆకాశంలో గ్రహాల చుట్టుతిరుగుడుకు వాడిన రివల్యూషన్ అన్న మాటే తర్వాత విప్లవానికీ పేరైంది. 1543లో అచ్చయిన కోపర్నికస్ లాటిన్ గ్రంథం పేరులో ఈ మాట గ్రహగతుల అర్థంలోనే ఉంది. రివోల్ట్ అన్న మాట మూలం కూడా వెనక్కి దొర్లించడం అనే లాటిన్ క్రియే. మనవాళ్ళు 'తిరుగు' నుంచే తిరుగుబాటు చేసుకున్నారు. ఒకదాన్నొకటి చూసి రాసుకోని రెండు భాషలు ఒకే దారి తొక్కాయి.

ఇక స్పిన్. ఈ మాట మొదట్లో గిర్రున తిరగడం కాదు, దారం వడకడం. ఏకును పట్టి లాగుతూ కదురుతో పురి ఎక్కించడం, ఆ రెండూ కలిపి స్పిన్. నూలు మిల్లును స్పిన్నింగ్ మిల్లు అనేది అందుకే. కదురు గిరగిరా తిరిగే తీరు చూసి, వేగంగా తిరిగే ప్రతిదానికీ తర్వాత ఆ మాట వచ్చింది. పాత అర్థం ఇప్పటికీ బట్టల కొట్లో పనికొస్తుంది. పొందూరు ఖద్దరు మీద హ్యాండ్‌స్పన్, హ్యాండ్‌వోవెన్ అని రెండు మాటలూ ఉండాలి. మొదటిది దారం చేత్తో వడికారని, రెండోది చేత్తో నేశారని. హ్యాండ్‌లూమ్ అని మాత్రమే ఉంటే నేత మగ్గం మీదే అయినా దారం మిల్లుది కావచ్చు. చాలామంది ఈ రెండిటికీ ఒకే ధర చెల్లిస్తున్నారు, చూసుకోవాలి.

వేగం, ఆగకుండా చుట్టు మీద చుట్టు, ఇరుసు లోపల: స్పిన్‌కు ఈ మూడూ కావాలి. బొంగరం స్పిన్ అవుతుంది. వేగం తగ్గితే తల ఊపుతుంది, దాన్ని వాబుల్ అంటారు. చివరికి టాపుల్, అంటే పక్కకు ఒరిగి పడిపోతుంది. గడియారం ముల్లు కూడా ఇరుసు మీదే తిరుగుతుంది కానీ స్పిన్ అనరు, ఆ నిదానానికి ఆ మాట సరిపడదు. అక్కడ మూవ్ అంటే చాలు.

స్పిన్‌కూ టర్న్‌కూ తేడా క్రికెట్ కామెంటరీలో తేటగా తెలుస్తుంది. బౌలర్ వేళ్ళు, మణికట్టు బంతిని తనలో తాను తిరిగేలా చేస్తే అది స్పిన్. ఆ బంతి నేలను తాకాక దారి మళ్ళితే టర్న్. మొదటిది బౌలర్ ఇచ్చేది, రెండోది పిచ్ కూడా సహకరిస్తే వచ్చేది. అందుకే అలాంటి పిచ్‌ను టర్నింగ్ ట్రాక్ అంటారు. స్పిన్ బాగా ఉండి టర్న్ లేకపోవడమూ ఉంది: టాప్ స్పిన్నర్ అనే బంతి ముందుకు తిరుగుతూ వస్తుంది కాబట్టి గాల్లో త్వరగా దిగి, పడ్డాక ఎక్కువ లేస్తుంది, పక్కకు మళ్ళదు. టెస్టుల్లో 619 వికెట్లు తీసిన అనిల్ కుంబ్లే బంతి పెద్దగా టర్న్ అయ్యేది కాదు, బౌన్స్, వేగం, కచ్చితత్వం ఆయన ఆయుధాలు. 1993 జూన్‌లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో షేన్ వార్న్ మైక్ గాటింగ్‌కు వేసిన బంతిలో ఇవన్నీ వరసగా ఉన్నాయి. స్పిన్ వల్ల గాల్లోనే లెగ్ వైపు జరిగింది, దాన్ని డ్రిఫ్ట్ అంటారు. లెగ్ స్టంప్ బయట పడి, అక్కడి నుంచి టర్న్ అయి ఆఫ్ స్టంప్‌ను తాకింది. ఫాస్ట్ బౌలర్ బంతి గాల్లో వంగితే స్వింగ్. దాన్ని టర్న్ అన్నారంటే ఆట చూడనివాళ్ళని తెలిసిపోతుంది.

చక్రాల విషయంలో స్పిన్ మంచి వార్త కాదు. బురదలో 'వీల్స్ ఆర్ స్పిన్నింగ్' అంటే చక్రం తిరుగుతోంది, బండి కదలడం లేదు, పట్టు లేదు అని. బండి సాగుతుంటే వీల్స్ టర్న్ అవుతాయి, లేదా రోల్ అవుతాయి. అదే అర్థంలో పని ముందుకు సాగని మనిషిని కూడా 'స్పిన్నింగ్ హిజ్ వీల్స్' అంటారు.

వాషింగ్ మెషీన్ మీద స్పిన్ అన్న బటన్‌ను ఆరబెట్టడం అనుకోవద్దు. డ్రమ్మును గిర్రున తిప్పితే బట్టల్లోని నీరు కన్నాల గుండా బయటికి చిమ్ముతుంది, అంతే. బట్టలు తడి పిండినట్టు వస్తాయి, తీగ మీద ఆరేయాల్సిందే. పై నుంచి వేసే మెషీన్లలో ఈ వేగం సుమారు 700 ఆర్‌పీఎం, ముందు నుంచి వేసేవాటిలో 1000 నుంచి 1400. స్పిన్ దగ్గరకొచ్చి మెషీన్ దడదడలాడుతుంటే ఎక్కువసార్లు కారణం ఒకే బరువైన దుప్పటి ఒక పక్కకు చేరడం. ఆపి, దాన్ని విప్పి పరచి, ఇంకో రెండు తువ్వాళ్ళు వేసి మళ్ళీ పెట్టాలి. ముందు నుంచి వేసే మెషీన్లలో ఉతికేటప్పుడు బట్టలు పైకి లేచి కింద పడుతుంటాయి, దాన్ని టంబుల్ అంటారు. దొర్లిపడటం అన్నమాట.

టర్న్ అన్నిటికంటే పెద్ద మాట, మన తిరుగుకు దగ్గరి చుట్టం. ఎంత తిరిగినా, ఎంత నిదానంగా తిరిగినా టర్న్ అనొచ్చు. తాళంచెవి, గుబ్బ, పేజీ, తల, దారి, అన్నిటికీ టర్నే. సందేహం వస్తే టర్న్ వాడితే పెద్ద తప్పు పడదు. కానీ దీని అసలు పుట్టుక తరిమెన, అంటే లేత్ దగ్గర. లాటిన్‌లో, అంతకుముందు గ్రీకులో లేత్ మెషీన్‌కున్న పేరు నుంచి ఈ మాట వచ్చింది. మన ఐటీఐల్లో ఫిట్టర్ పక్కన టర్నర్ అనే ట్రేడ్ ఉందే, మాట పుట్టిన చోటే అది ఇంకా కూర్చుని ఉంది. లేత్ మీద చక్ అనే పట్టులో బిగించిన కడ్డీ రొటేట్ అవుతుంది, టూల్ తిరగదు, పక్క నుంచి వచ్చి కోస్తుంది. ఈ పనిని టర్నింగ్ అంటారు. డ్రిల్లింగ్‌లో దీనికి తలకిందులు: బిట్ తిరుగుతుంది, వస్తువు కదలదు.

డ్రాయింగులో '50 కడ్డీని 48కి టర్న్ చేయండి' అని ఉంటే కొత్తవాళ్ళు 2 మిల్లీమీటర్ల లోతు కోత పెట్టి 46కి దించేస్తారు. కడ్డీ తిరుగుతుంది కాబట్టి కోత చుట్టూ పడుతుంది, వ్యాసం కోత లోతుకు రెండింతలు తగ్గుతుంది. పెట్టాల్సిన లోతు 1 మిల్లీమీటరే. వేగం లెక్క కూడా చెబుతాను: కటింగ్ స్పీడును, అంటే కడ్డీ ఉపరితలం టూల్ ముందు నుంచి నిమిషానికి ఎన్ని మీటర్లు సాగాలో ఆ అంకెను 1000తో గుణించి, 3.14ను మిల్లీమీటర్లలో వ్యాసంతో గుణించగా వచ్చిన దానితో భాగించాలి. హైస్పీడ్ స్టీల్ టూల్‌తో మైల్డ్ స్టీలుకు నిమిషానికి 30 మీటర్లు అనుకుంటే, 50 మిల్లీమీటర్ల కడ్డీకి సుమారు 190 ఆర్‌పీఎం. కడ్డీ 25 అయితే దానికి రెట్టింపు. వ్యాసం మారినా వేగం మార్చకపోతే సన్న కడ్డీ గరుకుగా వస్తుంది, లావు కడ్డీ టూల్ మొనను కాల్చేస్తుంది.

ఏటికొప్పాక లక్క బొమ్మలు అంకుడు కర్రను తరిమెన మీద తిప్పి చేసేవి. వాటిని ఇంగ్లీషులో టర్న్డ్ టాయ్స్ అనాలి. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి చెక్కతో చెక్కి, అతికి, రంగులు వేసేవి. అవి కార్వ్డ్. విదేశాలకు అమ్మే సైట్లలో రెండిటికీ కార్వ్డ్ అనే రాస్తున్నారు. అది ఏటికొప్పాక పనివాళ్ళ చేతి విద్యను చెరిపేసినట్టే, దయచేసి సరిచేయండి. కుమ్మరి సారె మీద కుండ చేయడాన్ని 'త్రో ఎ పాట్' అంటారు. విసరడం కాదు. త్రో అన్న మాటకు పాత ఇంగ్లీషులో మెలితిప్పడం, తిప్పడం అనే అర్థం, ఆ పనిలో అలాగే మిగిలిపోయింది.

తిరుగుకు జంట తిప్పు. వంటింట్లో ఈ మాటతో జరిగే పొరపాట్లే వీడియోల కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కువ కనిపిస్తాయి. కూర అడుగంటకుండా తిప్పుతూ ఉండాలంటే స్టిర్, రొటేట్ కాదు. అట్టు తిప్పెయ్యాలంటే ఫ్లిప్, లేదా టర్న్ ఓవర్. మజ్జిగ చిలకడం చర్న్, గుడ్డు గిలక్కొట్టడం బీట్ లేక విస్క్. చపాతీ ఒత్తడం రోల్ అవుట్. కేకులు చేసేవాళ్ళకు ఒకటి ముఖ్యం: వంట విధానంలో 'సగం సమయానికి ట్రేను రొటేట్ చేయండి' అని ఉంటుంది. అంటే బోర్లించమని కాదు. ట్రేను ఓవెన్‌లో ఉన్నచోటే 180 డిగ్రీలు తిప్పి, లోపలి అంచును తలుపు వైపుకు తేవాలి. ఓవెన్ వెనక భాగం తరచూ ఎక్కువ వేడిగా ఉంటుంది, తిప్పకపోతే ఒక వైపు మాడి ఇంకో వైపు పచ్చిగా ఉంటుంది.

ఫ్యాన్ రిపేరుకు ఫోన్‌లో ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే 'ఫ్యాన్ తిరగట్లేదు' అన్నది చాలదు. టేబుల్ ఫ్యాన్‌లో రెండు తిరుగుళ్ళున్నాయి. రెక్కలు తిరగకపోతే 'ద బ్లేడ్స్ ఆర్ నాట్ టర్నింగ్'. రెక్కలు తిరుగుతూ తల అటూ ఇటూ కదలకపోతే 'ఇట్ ఈజ్ నాట్ ఆసిలేటింగ్'. మొదటిది మోటారు, కెపాసిటర్, తీగల సమస్య, రెండోది వెనక ఉండే చిన్న గేరు సమస్య. తేవాల్సిన సామానే మారిపోతుంది. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంది కానీ నిదానంగా ఉంటే 'రన్నింగ్ స్లో' అనండి. చాలాసార్లు 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ బలహీనపడి ఉంటుంది. తిరుగుతూ ఊగుతుంటే వాబ్లింగ్, అది రెక్కలు వంగడమో స్క్రూలు వదులవడమో.

వైద్యుడి దగ్గర ఈ తేడా ఇంకా విలువైనది. తల తిరుగుతోంది, కళ్ళు తిరుగుతున్నాయి అని మనం రెండు వేర్వేరు బాధలకు ఒకే మాట వాడతాం. గదీ, మంచమూ, గోడలూ చుట్టూ తిరుగుతున్నట్టుంటే 'ద రూమ్ ఈజ్ స్పిన్నింగ్'. వైద్యులు దీన్ని వెర్టిగో అంటారు. మంచం మీద పక్కకు తిరిగినప్పుడు వచ్చి నిమిషం లోపు తగ్గిపోతే లోపలి చెవిలోని సన్నటి స్ఫటికాలు చోటు తప్పి ఉండొచ్చు. అలా కాక, లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్మి పడిపోతానేమో అనిపిస్తే 'లైట్‌హెడెడ్'. అక్కడ రక్తపోటు, నీరు తగ్గడం, చక్కెర తగ్గడం చూస్తారు. డిజీ అని ఊరుకుంటే ఏదో తేలదు. 'కళ్ళు తిరిగి పడిపోయాడు' అంటే ఇంగ్లీషులో ఫెయింటెడ్, ఏదీ తిరగలేదు. కడుపులో తిప్పుతోంది అంటే నాజియా. తల తిరగడంతోపాటు మాట తడబడినా, ఒక వైపు చెయ్యో కాలో బలహీనపడినా, రెండేసి కనిపించినా మాటలు వెతుక్కోకుండా 108కి ఫోన్ చేయండి.

దొర్లడం రోల్. ఇక్కడ ఇరుసు ఒకచోట నిలవదు, వస్తువుతోపాటు సాగిపోతుంది. బంతి రోల్ అవుతుంది, పొర్లుదండాలు పెట్టేవాళ్ళూ రోల్ అవుతారు. ఇది ప్రమాదాల రాతలో అక్కరకొస్తుంది. కారు పల్టీలు కొడితే 'రోల్డ్ ఓవర్', ఎన్ని పల్టీలో కూడా చెప్పొచ్చు. నేల మీదే గిర్రున తిరిగితే 'స్పన్'. బోల్తా పడి ఆగితే 'ఓవర్‌టర్న్డ్'. మన ఇంగ్లీషు పత్రికలు రాసే 'టర్న్డ్ టర్టిల్' అసలు పడవలకు పుట్టిన మాట. ఎదురొచ్చిన గేదెను తప్పించడానికి స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పితే 'స్వర్వ్డ్'. బ్రేకు వేసినప్పుడు జారిపోతే 'స్కిడెడ్'. బీమా క్లెయిం ఫారంలో వీటిని కలిపేస్తే మీ కథనానికీ సర్వేయరు చూసిన సొట్టలకూ పొంతన కుదరదు. పల్టీ కొట్టిన కారుకు పైకప్పు నలుగుతుంది, స్పిన్ అయినదానికి నలగదు.

రెండు చివరలు వేర్వేరు వైపులకు తిరిగితే ట్విస్ట్. ఆకారం మారుతుంది. తాడు పేనితే, దారానికి పురి పెడితే ట్విస్ట్, తడి బట్టను మెలితిప్పి పిండితే రింగ్. ఇంగ్లీషులో ఈ రెండోదాని ముందు డబ్ల్యూ ఉంటుంది, పలకదు. కాలు బెణికితే 'ట్విస్టెడ్ మై యాంకిల్'. కథలో ఊహించనిది జరిగితే ట్విస్ట్, అక్కడి నుంచి కథ నడకే మారితే టర్నింగ్ పాయింట్. మన మలుపు రెండో దానికే సరిపోతుంది.

చుట్టడం వైండ్. గాలి అనే విండ్‌కూ దీనికీ అక్షరాలు ఒకటే, పలుకు వేరు. భూతకాలం వౌండ్, అదే అక్షరాలతో గాయం అనే వూండ్ ఉంది. పంపు సెట్ మోటారు కాలిపోతే తీసుకెళ్ళే వైండింగ్ షాపు పేరు ఇదే. స్పిన్ భూతకాలం స్పన్, 'స్పిన్డ్' అన్న రూపం లేదు.

మీసం మెలేయడం ట్వర్ల్, వేళ్ళ మధ్య పెన్ను తిప్పడమూ ట్వర్లే. తేలిగ్గా, సొగసుగా, కాస్త ఆటగా ఉండాలి. నీళ్ళూ పొగా సుడులు తిరిగితే స్వర్ల్. సుడిగాలిలా అన్నిటినీ ఈడ్చుకుపోయేలా ఉంటే వర్ల్.

రొటేట్‌కు ఇంకో కాపురం ఉంది, వంతులవారీగా మార్చుకోవడం. టైర్ రొటేషన్ అంటే టైర్లను తిప్పి చూడటం కాదు. ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చడం, సుమారు 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు ఒకసారి. ముందు చక్రాల టైర్లు మలుపుల్లో అంచులు త్వరగా అరుగుతాయి కాబట్టి. కృష్ణా డెల్టాలో వరి తర్వాత మినుము వేయడం క్రాప్ రొటేషన్. వ్యాపారంలో మనం అనే 'డబ్బు రొటేషన్' మాత్రం ఇంగ్లీషువాళ్ళకు అర్థం కాదు. పరిస్థితిని బట్టి క్యాష్ ఫ్లో అనో, అప్పు తీర్చకుండా గడువు పొడిగించుకుంటే రోల్ ఓవర్ అనో చెప్పాలి. క్రెడిట్ కార్డు బాకీ పూర్తిగా కట్టకుండా నెలనెలా మోసేవాళ్ళను బ్యాంకుల్లో రివాల్వర్లు అంటారు. కొట్టు ఏడాది అమ్మకం టర్నోవర్.

వ్యాకరణం కొంచెం. మనకు తిరుగు, తిప్పు అని రెండు క్రియలు కావాలి. ఇంగ్లీషులో టర్న్, స్పిన్, రొటేట్, రోల్ రెండు పనులకూ అవే చాలు: చక్రం టర్న్ అవుతుంది, నేను చక్రాన్ని టర్న్ చేస్తాను. రివాల్వ్ మాత్రం దానంతట అది తిరిగేదే, 'రివాల్వ్ ద చైర్' అనకండి. దాని వెనక అరౌండ్ వస్తుంది, రొటేట్ వెనక 'ఆన్ ఇట్స్ యాక్సిస్' వస్తుంది. ఊళ్ళు తిరగడం వీటిలో ఏదీ కాదు. 'వీ రోమ్డ్ ఇన్ వైజాగ్' అంటే పనిలేక దిక్కు తెలియక తిరిగినట్టు వినిపిస్తుంది, 'వెంట్ అరౌండ్' అనండి. ఆఫీసు చుట్టూ తిరుగుతున్నా అంటే 'రన్నింగ్ అరౌండ్'.

ఫోన్‌లో ఫోటోకు రొటేట్, ఫ్లిప్ అని రెండుంటాయి. అడ్డంగా పడుకున్న ఫోటోను 90 డిగ్రీలు నిలబెట్టేది రొటేట్. ఫ్లిప్ అద్దంలో బొమ్మలా కుడి ఎడమలు మార్చేస్తుంది. దరఖాస్తుకు ఫోటో, సంతకం ఎక్కించేటప్పుడు ఫ్లిప్ నొక్కితే సంతకం తిరగబడి చెల్లకుండా పోతుంది.

ఇక గడియారం ముల్లు దిశ క్లాక్‌వైజ్. దానికి ఎదురుదాన్ని బ్రిటన్‌లో యాంటీక్లాక్‌వైజ్, అమెరికాలో కౌంటర్‌క్లాక్‌వైజ్ అంటారు. మూతలూ నట్లూ క్లాక్‌వైజ్‌గా బిగుస్తాయి అన్నది మామూలు లెక్క. పిల్లలు తెరవలేని మందు సీసాల మీద 'పుష్ డౌన్ అండ్ టర్న్' అని ఉంటుంది, మూతను కిందికి నొక్కి పట్టి అప్పుడు ఎడమకు తిప్పాలి, నొక్కకుండా ఎంత తిప్పినా టకటకమంటుందే గానీ రాదు. సైకిల్ ఎడమ పెడల్, ఎసిటిలీన్ సిలిండర్ నట్టు, చాలా టేబుల్ ఫ్యాన్లలో రెక్కను పట్టి ఉంచే ప్లాస్టిక్ నట్టు ఎదురు మరవి, అంటే ఎడమకు తిప్పితే బిగుస్తాయి. రెక్క తిరిగే జోరుకు నట్టు వదులు కాకుండా ఇంకా బిగుసుకునేలా అలా చేస్తారు. దాని మీద సన్నని అక్షరాల్లో 'లూజెన్' అని బాణం గుర్తు ఉంటుంది. రెక్కలు కడగడానికి విప్పేముందు ఆ బాణం ఎటు చూపిస్తోందో చూడండి, అలవాటు చొప్పున ఎడమకు బలంగా తిప్పితే మర తెగిపోతుంది.